మనోవిజ్ఞాన భావనలు కలగాపులగం కాకుండా పరిశీలన పుస్తకం రాయడం ఎలా?

టెట్‌కో డీఎస్సీకో సిద్ధమవుతున్నవారు, బీఈడీ మొదటి ఏడాదిలో ఉన్నవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటి ఉంది. నిర్వచనం అడిగితే తడుముకోకుండా చెప్పగలుగుతున్నారు. ఒక సంఘటన ఇచ్చి అది ఏ భావనకు చెందుతుందని అడిగితే మాత్రం రెండు జవాబుల మధ్య ఊగిసలాడి తప్పుదాన్ని గుర్తించి వస్తున్నారు. దీనికి జ్ఞాపకశక్తిని నిందించి లాభం లేదు. మన నోట్సులో ప్రతి భావనా ఒంటరిగా, తన నిర్వచనంతో తాను ఉంటుంది. ప్రశ్నపత్రంలో అది తన పొరుగు భావనతో కలిసి వస్తుంది. అందువల్ల నేర్చుకోవలసింది భావన మధ్యభాగాన్ని కాదు, రెండు భావనల మధ్య ఉన్న గట్టును. సామాజిక మనోవిజ్ఞానం, మూర్తిమత్వం, ప్రేరణ, ఉద్వేగం అనే నాలుగు అధ్యాయాలకు ఆ గట్టు వేసుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణలన్నీ మన కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాలలో మీరు స్వయంగా చూడగలిగినవే.

కావలసినవి

ఒక పొడవాటి రూళ్ల పుస్తకం, రెండు రంగుల పెన్నులు, చిన్న చీటీలుగా కత్తిరించుకోవడానికి కొన్ని తెల్ల కాగితాలు, మీరు ఇప్పటికే చదువుతున్న పాఠ్యపుస్తకం. వీటితో పాటు మీలాగే చదువుతున్న ఒక స్నేహితుడో స్నేహితురాలో అవసరం; చివరి దశలో వారు లేకపోతే పని సగంలోనే ఆగుతుంది. రోజుకు అరగంట చాలు. సెల్‌ఫోనులో రాసుకోవడం కంటే పుస్తకమే మేలు, ఎందుకంటే ఈ పద్ధతిలో ఎడమ పేజీ, కుడి పేజీ ఒకేసారి కంటి ముందు ఉండాలి.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. మీరు చూసే మనుషుల పేర్లు రాయకండి, ఫోటోలు తీయకండి, వారిని పరీక్షించడానికి కావాలని పరిస్థితులు సృష్టించకండి. బడిలో పిల్లలను పరిశీలించాలంటే ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకోండి.

1. ముందుగా జంటల పట్టిక రాయండి

పుస్తకం మొదటి పేజీలో నిర్వచనాలు రాయకండి. మీకు ఏది దేనితో కలిసిపోతోందో ఆ జంటలను రాయండి. పాత ప్రశ్నపత్రాలలో మీరు తప్పు చేసిన ప్రశ్నలను తీసి చూస్తే పట్టిక దానంతటదే తయారవుతుంది. ఎక్కువమందికి వచ్చే జంటలు ఇవి: అంతర్గత ప్రేరణ – బహిర్గత ప్రేరణ; రుణాత్మక పునర్బలనం – దండన; గుంపుకు అనుగుణంగా నడవడం – ఆజ్ఞకు విధేయత చూపడం; హేతుకీకరణం – ప్రక్షేపణం; ఉద్వేగాల గురించిన జేమ్స్-లాంగే సిద్ధాంతం – కానన్-బార్డ్ సిద్ధాంతం; ఇతరుల సమక్షంలో పని పెరగడం – గుంపులో పని తగ్గడం. పది పన్నెండు జంటలకు మించి మొదట్లో పెట్టుకోవద్దు.

2. ఎడమ పేజీలో కనిపించినది, వినిపించినది మాత్రమే రాయండి

అన్నిటికంటే తేలికగా కనిపించి, అన్నిటికంటే ఎక్కువమంది తడబడే దశ ఇది. కర్నూలు ఆర్టీసీ బస్టాండులో ఆదోని బస్సు దగ్గర కాసేపు నిలబడ్డారనుకుందాం. పుస్తకంలో "కండక్టరు కోపిష్టి" అని రాస్తే అది పరిశీలన కాదు, తీర్పు. "బస్సు ఆలస్యంగా వచ్చింది, జనం ఒక్కసారిగా తలుపు దగ్గరికి తోసుకువచ్చారు, దిగేవాళ్లను ముందు దిగనీయండని కండక్టరు గొంతు పెంచి మూడుసార్లు అన్నాడు, అందరూ ఎక్కిన తరువాత ఒక ముసలామెకు సీటు ఇప్పించాడు" అని రాస్తే అది పరిశీలన.

మొదటి వాక్యంలో మీరు చేసినది సామాజిక మనోవిజ్ఞానంలో ఒక అధ్యాయానికే ముడిసరుకు. ఎదుటివారి ప్రవర్తనకు పరిస్థితిని పక్కనపెట్టి వారి స్వభావాన్నే కారణంగా చూపే ఈ అలవాటును లీ రాస్ 1977లో మౌలిక ఆపాదన దోషం అన్నారు. అంతకు పదేళ్ల ముందు జోన్స్, హారిస్ జరిపిన ప్రయోగంలో, ఒక వ్యాసం ఫలానా పక్షాన రాయమని రచయితకు అప్పగించారని ముందే చెప్పినా, చదివినవారు అది రచయిత సొంత అభిప్రాయమే అయి ఉంటుందని కొంతవరకు నమ్మారు. కాబట్టి మీ ఎడమ పేజీలో "కోపిష్టి", "సోమరి", "మంచివాడు", "గర్వం" వంటి మాటలు పడితే రెండో రంగు పెన్నుతో కొట్టివేసి, ఆ మాట రాయడానికి మీరు కంటితో చూసినదేమిటో దాని స్థానంలో రాయండి. మొదటి వారమంతా ఈ కొట్టివేతలే ఎక్కువగా ఉంటాయి. అది మంచి సూచన.

3. కుడి పేజీలో రెండు భావనలు, ఒక విడదీసే ప్రశ్న రాయండి

సంఘటన చూడగానే మీకు తోచిన భావనను రాసి, దాని పక్కనే దానికి పోటీగా నిలవగల మరో భావనను తప్పనిసరిగా రాయండి. ఆ రెండింటిలో ఏదో ఒకటే మిగిలేలా చేసే ప్రశ్నను కింద రాయండి. ఈ పుస్తకానికి ప్రాణం ఈ ప్రశ్నే కనుక కొన్ని ఉదాహరణలను వివరంగా చూద్దాం.

తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చుట్టుపక్కల పొలాల్లో జనం వంగి వజ్రాలు వెతకడం మీరు చూసే ఉంటారు, లేదా ప్రతి ఏడూ వార్తల్లో చదివే ఉంటారు. రోజుల తరబడి ఏమీ దొరకకపోయినా ఎందుకు వెతుకుతున్నారని అడిగితే, చదువుకున్నవారు వెంటనే పాక్షిక పునర్బలనం (ప్రవర్తనను బలపరిచే ఫలితం అప్పుడప్పుడు మాత్రమే అందడం) అంటారు: ఎన్ని ప్రయత్నాలకు ఫలితం వస్తుందో తెలియనప్పుడు ప్రవర్తన ఎక్కువకాలం నిలుస్తుందని స్కిన్నర్ చూపించారు కదా అని. ఈ జవాబు సగమే నిజం. గతంలో తనకు చిన్న రాయైనా దొరికి అమ్ముకున్న మనిషికి అది వర్తిస్తుంది. ఎన్నడూ ఏమీ దొరకకుండా, పక్క ఊరి కూలీకి దొరికిందని విని వచ్చినవారి విషయంలో పునర్బలనం వారికి అందనే లేదు. ఇతరులకు దక్కిన ఫలితాన్ని చూసి లేదా విని ప్రవర్తించడం బండూరా చెప్పిన పరోక్ష పునర్బలనం. విడదీసే ప్రశ్న: ఫలితం తనకు దక్కిందా, మరొకరికి దక్కిందా?

దీని పక్కనే అనంతపురం మెట్ట రైతు బోర్ల విషయం పెట్టి చూడండి. వరుసగా బోర్లు ఎండిపోయినా మరో బోరు వేయించే రైతుకు ఇంతవరకు ఫలితం రాలేదు. కొన్నిచోట్ల పక్క పొలంలో కూడా నీళ్లు పడలేదు. ఇక్కడ పునర్బలనాన్ని బలవంతంగా అతికించకండి. ఇప్పటికే పెట్టిన ఖర్చు వృథా అయిందని ఒప్పుకోవడం కష్టమైనప్పుడు ఆ నిర్ణయం సరైనదేనని మనసును సమాధానపరచుకోవడం ఫెస్టింజర్ 1957లో వివరించిన సంజ్ఞానాత్మక వైరుధ్యానికి దగ్గరగా ఉంటుంది. అయితే ఎండిపోతున్న చీనీ తోటను కాపాడుకోవడానికి మరో దారి లేక బోరు వేయించే రైతును కూడా ఇదే గాటన కట్టకూడదు. అక్కడ ఉన్నది అవసరం. విడదీసే ప్రశ్న: పాత ఖర్చు అసలు లేకపోయి ఉంటే ఈ మనిషి ఈ రోజు ఇదే నిర్ణయం తీసుకునేవాడా? మనస్తత్వంతో వివరించాలన్న ఉబలాటంలో పేదరికాన్నీ కరవునూ మరచిపోవడం ఈ శాస్త్రం కొత్తగా చదివేవారికి తొందరగా పట్టుకునే జబ్బు.

గుంపు ప్రవర్తనకు మరో జంట. మంత్రాలయంలో శ్రీ రాఘవేంద్రస్వామి ఆరాధనోత్సవాల రథం తాడు పట్టినవారిని గమనించండి: కొందరు శరీరం బిగించి లాగుతారు, కొందరు తాడు మీద చెయ్యి మాత్రం వేస్తారు. మాక్స్ రింగెల్‌మన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు తాడు లాగించి కొలిచినది, 1913లో ప్రచురించినది సరిగ్గా ఇదే విషయాన్ని: మనుషులు పెరిగేకొద్దీ మొత్తం బలం పెరిగినా ఒక్కొక్కరి వాటా తగ్గింది. లటానే, ఆయన సహచరులు 1979లో చప్పట్లు, కేకలతో ఇదే చూపి సామాజిక అలసత్వం అని పేరుపెట్టారు. దీనికి ఎదురుగా వేరుశనగ కాయలు ఒలిచే కూలీలను చూడండి. పక్కన నలుగురు ఉంటే చేతులు వేగంగా ఆడతాయి. రెండుచోట్లా గుంపే ఉన్నా ఫలితం తారుమారైంది. విడదీసే ప్రశ్న: ఒక్కొక్కరి పని విడిగా కనిపిస్తోందా, మొత్తంలో కలిసిపోతోందా? ఎవరి కుప్ప వారికి ఉన్నచోట అలసత్వానికి చోటు తక్కువ. అయితే ఒలిచిన కొలతకే కూలి కడుతుంటే ఆ వేగానికి కారణం డబ్బా, పక్కవారి సమక్షమా అన్నది ఈ పరిశీలనతో తేలదు. కుడి పేజీలో "తేలలేదు" అని నిజాయితీగా రాయండి. రథం విషయంలో భక్తితో చెయ్యి వేస్తే చాలనుకునేవారూ ఉంటారు, వారిని అలసత్వం కింద రాయడం తప్పు. సమక్షం ప్రభావానికి జాయాంక్ 1965లో ఇచ్చిన మరో గీటురాయి కూడా ఉంది: బాగా అలవాటైన పని ఇతరుల ముందు మెరుగవుతుంది, కొత్తగా నేర్చుకుంటున్న పని దెబ్బతింటుంది. ఇంట్లో తప్పులు లేకుండా పద్యం చెప్పిన పిల్లవాడు బడిలో తడబడ్డాడంటే ముందుగా అడగవలసింది పద్యం వాడికి ఎంత బాగా వచ్చు అని.

ఆజ్ఞ, వినతి, గుంపు అనే మూడింటికి ఒకే ప్రశ్న చాలు: చెయ్యమని ఎవరు చెప్పారు? అధికారం ఉన్నవారు చెబితే విధేయత. సమానులు అడిగితే అంగీకారం. ఎవరూ చెప్పకుండానే నలుగురినీ చూసి చేస్తే అనుగుణ్యత. ఊళ్లో అందరూ ఉల్లి వేశారని తానూ ఉల్లి వేసిన రైతు మూడో రకం. మిల్‌గ్రామ్ ప్రయోగాన్ని అనుగుణ్యత కింద రాసేవారు చాలామంది ఉన్నారు. అక్కడ మరో మనిషికి విద్యుత్ షాకులు ఇస్తున్నామని నమ్మినవారిని బూడిదరంగు కోటు వేసుకున్న ప్రయోగకర్త "కొనసాగించండి" అని ఆదేశించాడు, 40 మందిలో 26 మంది 450 వోల్టుల మీట వరకు వెళ్లారు. కనుక అది విధేయత. గీతల పొడవులు పోల్చమన్న ఆష్ ప్రయోగంలో ఎవరూ ఆదేశించలేదు, మిగతావారు ముక్తకంఠంతో తప్పు చెప్పడమే జరిగింది. కనుక అది అనుగుణ్యత.

రుణాత్మక పునర్బలనం, దండన గురించి ఎక్కువ రాయవలసిన పని లేదు. ప్రవర్తన పెరిగితే పునర్బలనం, తగ్గితే దండన. మాటలోని "రుణాత్మక" అనేదాన్ని చూసి మోసపోకండి, ఇష్టంలేనిది తొలగిపోవడం అని మాత్రమే దాని అర్థం. తిట్లు తప్పించుకోవడానికి రోజూ హోంవర్కు చేసే పిల్లవాడి విషయంలో హోంవర్కు పెరిగింది కాబట్టి అది పునర్బలనం.

4. మూర్తిమత్వానికి వేరే పేజీలు పెట్టండి

ఒక సంఘటన చూసి మూర్తిమత్వ లక్షణం రాయడం ఈ పుస్తకంలో నిషిద్ధం. లక్షణం అంటేనే వేర్వేరు సందర్భాలలో, కొంతకాలం పాటు తిరిగి తిరిగి కనిపించేది. పరిస్థితి మారితే ప్రవర్తన ఎంత మారుతుందో చూపి వాల్టర్ మిషెల్ 1968లో లక్షణ సిద్ధాంతాలను గట్టిగా ప్రశ్నించారు. ఆ తరువాతి పరిశోధకులు ఎన్నో సందర్భాలను కలిపి సగటు చూస్తే లక్షణాలు నిలకడగా కనిపిస్తాయని జవాబిచ్చారు. మీ పుస్తకానికి దీని నుంచి వచ్చే నియమం ఒకటే. ఒక మనిషికి ఒక పేజీ కేటాయించి (పేరు వద్దు, ఒక గుర్తు చాలు), ఇంట్లో, పనిలో, స్నేహితుల మధ్య అని మూడు గడులు గీయండి. మూడు గడులలోనూ ఒకే తీరు కనిపించేవరకు లక్షణం పేరు రాయకండి. తరగతిలో నోరు మెదపని అమ్మాయి పెళ్లింట్లో అందరినీ నవ్విస్తుంటే ఆమె అంతర్ముఖురాలు అనే మాట నిలవదు. ఆల్‌పోర్ట్ చెప్పిన ప్రధాన, కేంద్రీయ, ద్వితీయ లక్షణాల తేడా కూడా ఈ గడులలోనే తేలుతుంది: ఒకే సందర్భానికి పరిమితమైనది ద్వితీయం, చాలా సందర్భాలలో కనిపించేది కేంద్రీయం, జీవితమంతటినీ నడిపించేది ప్రధానం. మూడోది అరుదు, గాంధీజీ సత్యనిష్ఠ వంటి ఉదాహరణతో సరిపెట్టుకోండి, పక్కింటివారిలో వెతకకండి.

5. ఉద్వేగాలకు మీ శరీరాన్నే పరిశీలించండి

ఇతరుల గుండె దడ మీకు వినిపించదు కాబట్టి ఈ అధ్యాయానికి మీరే ఆధారం. గండికోటలో పెన్నా లోయ అంచు దాకా వెళ్లినప్పుడు ఏమవుతుందో గుర్తుచేసుకోండి (అంచుకు దూరంగా నిలబడే గుర్తుచేసుకోండి). కాళ్లు వణకడాన్ని, గుండె కొట్టుకోవడాన్ని గమనించడమే భయం అని 1884లో విలియం జేమ్స్, మరుసటి ఏడు లాంగే చెప్పారు. దడ, భయం రెండూ ఒకేసారి మొదలవుతాయని, ఒకటి మరొకదానికి కారణం కాదని కానన్ 1927లో వాదించారు. దడ పుట్టాక దానికి కారణాన్ని చుట్టూ వెతికి, దొరికినదాన్ని బట్టి పేరు పెట్టుకుంటామని షాక్టర్, సింగర్ 1962లో ప్రతిపాదించారు. విడదీసే ప్రశ్న: దడ ముందా, రెండూ కలిసేనా, లేక దడకు కారణం వెతికాక వచ్చినదా? భయం ముందు, దడ తరువాత అన్నది మన లోకవ్యవహారపు మాట. ఈ మూడు సిద్ధాంతాలలో ఏదీ అలా చెప్పదు, అయినా ప్రశ్నపత్రంలో అది ఒక ఎంపికగా తప్పకుండా కూర్చుని ఉంటుంది. షాక్టర్ పక్షానికి చక్కని ఉదాహరణ 1974లో డటన్, ఆరన్ కెనడాలో చేసిన వంతెన అధ్యయనం: ఎత్తైన వేలాడే వంతెన మీద తమతో మాట్లాడిన పరిశోధకురాలికి, తక్కువ ఎత్తులోని గట్టి వంతెన మీద మాట్లాడినవారి కంటే ఎక్కువమంది మగవారు తరువాత ఫోను చేశారు; ఎత్తు వల్ల పుట్టిన దడను ఆకర్షణగా పొరబడ్డారన్నది దానికి ఇచ్చిన వివరణ.

ఈ పేజీలు రాస్తున్నప్పుడు రోజుల తరబడి దిగులో, నిద్రలేమో, చదువు మీద మనసు నిలవకపోవడమో కనిపిస్తే దానికి మీరే పేరు పెట్టుకోకండి. పోటీ పరీక్షల వాళ్లలో ఇది కొత్తేమీ కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

6. పేర్లు, సంవత్సరాలు చివర రాయండి

విడదీసే ప్రశ్నకు జవాబు దొరికిన తరువాతే శాస్త్రవేత్త పేరు, ఏడు కుడి పేజీ అడుగున రాయండి. ముందుగా రాస్తే మీ కన్ను సంఘటనను ఆ పేరుకు తగినట్టు వంచి చూస్తుంది. పాఠ్యపుస్తకంతో సరిపోల్చి రాయండి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పట్టికల్లో సంవత్సరాలు తరచూ తారుమారవుతుంటాయి.

7. సరిచూసుకోండి

వారం తరువాత ఎడమ పేజీలను మాత్రం చీటీల మీద ఎత్తి రాసి, కలిపి, మీ స్నేహితుడికి ఇవ్వండి. భావనల జాబితా విడిగా ఇచ్చి ప్రతి చీటీకీ ఒకటి ఎంచుకోమనండి. పది చీటీలలో ఎనిమిదింటికి ఇద్దరి జవాబూ కలిస్తే ఆ జంటలు మీకు వచ్చినట్టే. కలవనివి ఒకే జంట చుట్టూ ఉంటే మీ విడదీసే ప్రశ్న మొద్దుగా ఉంది, దాన్ని మార్చండి. అన్ని జంటలలో చెదురుమదురుగా ఉంటే లోపం రెండో దశలో ఉంది: సంఘటనలో ఎవరు చెప్పారు, ఎవరు చూస్తున్నారు, తరువాత ఏమైంది అనే వివరాలు మీరు వదిలేశారు. వాదన వచ్చినప్పుడు వెంటనే పుస్తకం తెరవకండి. ముందుగా ఇద్దరూ కారణాలు చెప్పుకోండి, తరువాత తెరవండి.

తరచూ జరిగే తప్పులు

సామెతను చూసి జవాబు గుర్తించడం ఒకటి. "అత్త మీద కోపం దుత్త మీద" విస్థాపనానికి (ఒకరి మీది భావాన్ని మరొకరి మీద చూపడం), "ముందు నుయ్యి వెనుక గొయ్యి" పరిహార-పరిహార సంఘర్షణకు (రెండూ తప్పించుకోవాలనుకునేవే అయినప్పటి ఊగిసలాట) చక్కగా అమరుతాయి. "ఆడలేక మద్దెల ఓడు" దగ్గర మాత్రం జాగ్రత్త. చాలా గైడ్లు దాన్ని ప్రక్షేపణం అంటాయి. తన లోపలి భావాన్ని ఎదుటివారికి అంటగట్టడమే ప్రక్షేపణం అనే మూల నిర్వచనంతో చూస్తే, వైఫల్యానికి సాకు చెప్పడం హేతుకీకరణానికి దగ్గరగా ఉంటుంది. పరీక్షలో మీ పాఠ్యపుస్తకం చెప్పినదే రాయండి, పరిశీలన పుస్తకంలో రెండూ రాయండి.

ఆకలి వంటి శారీరక అవసరాల నుంచి ఆత్మసాక్షాత్కారం వరకు మాస్లో వరుసపెట్టిన అవసరాలను మెట్లలాగా, ఒకటి పూర్తయితేనే మరొకటి అన్నట్టు రాయడం మరొకటి. కింది అవసరం నూటికి నూరు శాతం తీరనక్కరలేదని, వరుస అందరిలో ఒకేలా ఉండదని ఆయన 1943 వ్యాసంలోనే రాశారు. ఉపవాసం ఉండి జాతరలో పల్లకీ మోసేవారిని చూసి సిద్ధాంతం తప్పిందని కంగారుపడనక్కరలేదు.

1964లో న్యూయార్క్‌లో కిటీ జెనొవీస్ హత్యను 38 మంది చూస్తూ ఊరుకున్నారనే కథను యథాతథంగా రాసుకోవడం ఇంకొకటి. ఆ వార్తలోని వివరాలు అతిశయోక్తులని తరువాత తేలింది. డార్లీ, లటానే 1968 ప్రయోగం మాత్రం నిలిచింది: మూర్ఛ వచ్చినట్టు వినిపించిన మనిషికి తానొక్కరే తోడున్నామనుకున్నవారిలో 85 శాతం మంది, మరో నలుగురు వింటున్నారనుకున్నవారిలో 31 శాతం మంది అతని మాట ఆగేలోగా సాయానికి కదిలారు. మే నెల ఎండలో బస్టాండు బెంచీ మీద ఎవరైనా సోలిపోయి కనిపిస్తే దాన్ని ఎడమ పేజీకి సంఘటనగా చూడకండి. పుస్తకం మూసి, నీడకు చేర్చి, 108కి ఫోను చేయండి. చుట్టూ ఉన్న గుంపులో ఒకరిని వేలుపెట్టి చూపించి "మీరు నీళ్లు తెండి" అని అడిగితే కదలిక వస్తుంది.

బయటికి వెళ్లే వీలు లేకపోతే

ఇంటిపని, పిల్లల మధ్య చదువుకునేవారు రోజులో జరిగిన ఒక్క సంఘటనను రాత్రి రాసుకున్నా సరిపోతుంది. అన్నదమ్ముల పిల్లలిద్దరు ఒకే బొమ్మ కోసం కొట్టుకోవడంలో మూడు అధ్యాయాలకు సరిపడా సరుకు ఉంటుంది. గ్రంథాలయంలోనో హాస్టల్లోనో గడిపేవారు తమ చదువునే పరిశీలించవచ్చు: ఏ విషయాన్ని మార్కుల ఊసు లేకుండా చదువుతున్నారు, దేన్ని మాక్ టెస్టు ముందు మాత్రమే తెరుస్తున్నారు అని రాసుకుంటే అంతర్గత, బహిర్గత ప్రేరణల పేజీ నిండుతుంది. పరీక్షకు పది రోజులే ఉన్నవారు కొత్త పరిశీలనలు మొదలుపెట్టవద్దు. పాత ప్రశ్నపత్రాలలోని సంఘటనలనే ఎడమ పేజీగా తీసుకుని, జంటలు, విడదీసే ప్రశ్నలు మాత్రం రాసుకుని, ఏడో దశలోని చీటీల పనికి నేరుగా వెళ్లండి.